ఎమ్మెస్సీ మ్యాథ్సా, స్టాటిస్టిక్సా? ముందు వరిచేలో దిగి చూడండి

బీఎస్సీ అయ్యాక మ్యాథ్స్ తీసుకోవాలా, స్టాటిస్టిక్సా అని అడిగారు. ఊరు అమలాపురం అన్నారు. రియల్ అనాలిసిస్ (లిమిట్లు, కంటిన్యుటీల రుజువుల పేపరు) తప్పించుకోవడానికే అయితే స్టాటిస్టిక్స్ వైపు రావద్దు, శాంపిల్ నుంచి అసలు విలువను అంచనా వేసే ఎస్టిమేషన్ థియరీకి కూడా పునాది అదే. ప్రఖ్యాత స్టాటిస్టీషియన్ సి.ఆర్. రావు గారు ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ ఎం.ఏ. చేశాకే కలకత్తా వెళ్ళి 1943లో స్టాటిస్టిక్స్ ఎం.ఏ. చేశారు.

నాకు బాధ కలిగించేది వేరే ఉంది. మన వైపు చాలాచోట్ల శాంప్లింగ్ (కొన్నిటిని ఎంచి మొత్తాన్ని అంచనా వేయడం) ప్రాక్టికల్ అంటే సీనియర్ రికార్డు చూసి ఎక్కించడమే. అవే అంకెలు, అవే సగటులు. గేటు బయట సార్వా (వానాకాలపు వరి) కోతకొచ్చి ఉంటుంది, పిల్లల్ని ఒక్క చేలోకీ దింపరు. చేలో 5 మీటర్ల చతురం కోసి, తూచి, దిగుబడి అంచనా వేసే పంట కోత ప్రయోగం ఒక్కటి సరిగ్గా చేయిస్తే శాంప్లింగ్ పేపరు సగం అక్కడే వచ్చేస్తుంది.

ముందు చేను ఎంచుకోవాలి. ఊళ్ళో 65 సర్వే నంబర్లున్నాయనుకోండి. రెండంకెల రాండమ్ నంబర్లు తీసి, 65 దాటినవాటిని 65తో భాగించి శేషం తీసుకుంటే 1 నుంచి 34 దాకా ఉన్న చేలకు రెట్టింపు అవకాశం వస్తుంది. దాటినవి వదిలేయాలంతే. చేను దొరికాక నైరుతి మూలన నిలబడి పొడవు, వెడల్పు కొలిచి, రెండింట్లోంచీ 5 మీటర్లు తీసేయాలి. లేకపోతే చతురం గట్టు దాటిపోతుంది. 60 మీటర్లు, 30 మీటర్ల చేనైతే 0–55లో ఒక నంబరు, 0–25లో ఒకటి. 38, 11 వస్తే పొడవు వెంట 38 నడిచి, లోపలికి 11 వెళ్ళి అక్కడ మేకు దిగ్గొట్టాలి. అక్కడ పైరు పడిపోయి ఉన్నా జరపకూడదు. బాగున్నచోటికి జరిపితే అది ఇక రాండమ్ కాదు. 5×5 చతురానికి కర్ణాలు రెండూ 7.07 మీటర్లు రావాలి, భుజాలు సరిపోయాయని వదిలేస్తే చతురం వంకరపోయి విస్తీర్ణం తగ్గుతుంది.

అసలు తప్పు జరిగేది చతురం చుట్టూ కట్టిన తాడు దగ్గర. అంచున ఉన్న దుబ్బుల్ని కొడవలి లోపలికి లాగేస్తుంది. నాలుగు వైపులా 5 సెంటీమీటర్లు ఎక్కువ కోస్తే 25 చదరపు మీటర్లు 26 అవుతుంది, అంటే 4 శాతం పైన. అదే మీటరు చతురమైతే 21 శాతం! చిన్న చతురాలు దిగుబడిని పెంచి చూపిస్తాయని స్టాటిస్టీషియన్ పి.వి. సుఖాత్మే 1940ల్లోనే తేల్చారు. బయాస్ అంటే, లెక్క ఎప్పుడూ ఒకే వైపుకి తప్పడం అంటే ఏమిటో ఇంతకంటే బాగా ఏ బోర్డు మీదా కనిపించదు.

ఇక కాటా. 15 కిలోలు తూగితే ఎకరం 25 చదరపు మీటర్లకు 161.87 రెట్లు కాబట్టి దాంతో గుణించి ఎకరానికి 2,428 కిలోలు, 75 కిలోల బస్తాలైతే 32 పైచిలుకు. కానీ అది పచ్చి బరువు. తేమ 22 శాతం నుంచి 14కి దిగితే 15 కిలోలు 13.6 అవుతాయి, ఎకరానికి మూడు బస్తాలు పోయినట్టే. ఈ మెట్టు మర్చిపోయిన లెక్క రైతు ముందు నిలబడదు.

ప్రయోగాల్ని ఎలా అమర్చాలో చెప్పే డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్ పేపరుదీ ఇదే కథ. స్వర్ణ వరి రకం, అదే ఎంటీయూ 7029, పుట్టిన మార్టేరు పరిశోధనా కేంద్రం పశ్చిమ గోదావరిలోనే ఉంది. ఒకేలాంటి మడుల్ని గుంపులుగా, అంటే బ్లాకులుగా ఎందుకు చేస్తారో, నీరు పారే వాలుకు అడ్డంగా ఎందుకు వేస్తారో అక్కడి మడులు చూస్తే అర్థమవుతుంది. పిల్లలు మాత్రం పుస్తకంలోని పట్టికనే బట్టీ పడతారు.

కాబట్టి కౌన్సెలింగ్‌కి ముందు డిపార్టుమెంటుకి వెళ్ళి పోయినేడాది ప్రాక్టికల్ రికార్డులు రెండు అడిగి చూడండి. రెండింట్లోనూ డేటా ఒక్కటే అయితే ఇంకో కాలేజీ వెతకండి.