మోటుపల్లిలో ఇప్పుడు చూడటానికి ఏముంది?

ఆంధ్ర తీరంలో చీరాల దగ్గరున్న పాత ఓడరేవు ఊరు మోటుపల్లికి, హైదరాబాద్ నుంచి ఒక్కరోజు కోసం అంత దూరం వెళ్లొచ్చా అని అడిగారు. తప్పకుండా వెళ్లండి. సికింద్రాబాద్‌లో రైలెక్కి చీరాలలో దిగితే, అక్కడి నుంచి రోడ్డు మీద వెళ్లిపోవచ్చు.

ఓడరేవు ఆనవాళ్లకంటే ముందు వీరభద్రస్వామి గుడికి వెళ్లండి. అక్కడి రాతిస్తంభం మీద కాకతీయ గణపతిదేవుడి అభయశాసనం ఉంది, 1244 నాటిది. అంతకుముందు తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా రాజులు లాగేసుకునేవారు. పాపం, సర్వం పోగొట్టుకున్న వర్తకుడికి అది రెండో దెబ్బ! గణపతిదేవుడు దాన్ని మాన్పించి, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటామని మాటిచ్చాడు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చేవాళ్ల మీద దయతో ఇస్తున్నామని శాసనంలోనే చెప్పాడు. నాకు ఆ గుడిలో అన్నిటికన్నా విలువైనది ఇదే.

మార్కో పోలో వజ్రాల గురించి, సాలెగూడంత సన్నని బట్టల గురించి రాసిన ‘ముత్ఫిలి’ ఈ ఊరేనని చరిత్రకారులు చెబుతారు. కోదండరామాలయం కూడా చూసి రండి.