ఆప్షన్లు అమ్మడమే కెరీర్ అంటున్నాడు, ఏం చెప్పాలి?

ప్రశ్న: మాది అనంతపురం, ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. మా అబ్బాయి ఇంజనీరింగ్ మూడో ఏడు. వాళ్ల నాన్న ఇచ్చిన మూడు లక్షలతో నిఫ్టీ ఆప్షన్లు అమ్మి ఆరు నెలల్లో నలభై వేలు మిగిల్చాడు. ప్లేస్‌మెంట్లు వద్దట, వోలటాలిటీ (మార్కెట్ ఊగిసలాట) ట్రేడింగే చేస్తాడట. ఇది ఉద్యోగమా, జూదమా?

జవాబు: అమ్మా, మీవాడు చేస్తున్నది ఒకరకంగా బీమా కంపెనీ పని. ఆప్షన్ అంటే షేర్ల సూచీ నిఫ్టీని ముందే అనుకున్న ధరకు కొనే లేదా అమ్మే హక్కు. మార్కెట్ ఎక్కడ కూలుతుందోనని భయపడేవాళ్లు ప్రీమియం కడతారు, ఇతను పుచ్చుకుంటాడు. ఆరు నెలలు ఏ ఇల్లూ తగలబడకపోతే అది కంపెనీ తెలివి అనలేం కదా!

ఆ ప్రీమియంలో రిస్కు మోసినందుకు దక్కిన కూలి ఎంతో అతన్ని లెక్కగట్టమనండి. ఇండియా విక్స్ 16 ఉందనుకుందాం. నిఫ్టీ ఆప్షన్ల ధరల నుంచి తీసే ఈ అంకె, రాబోయే 30 రోజుల ఊగిసలాటను ఏడాది లెక్కన చెబుతుంది. ఏడాదికి ట్రేడింగ్ రోజులు దాదాపు 252, దాని వర్గమూలం సుమారు 16. విక్స్ 16ని దీంతో భాగిస్తే 1, అంటే రోజుకు ఒక శాతం అటూఇటూ అన్నమాట. నెల తిరిగాక నిఫ్టీ నిజంగా ఊగింది లెక్కేస్తే 12 వచ్చిందనుకోండి. తేడా 4 పాయింట్లు, అదే అమ్మినవాడి కూలి. (పనితనం ఉన్నవాళ్లు రెండింటినీ వర్గం చేసి, 256లోంచి 144 తీసేసి చూస్తారు.)

పదేళ్లకు పైగా డేటా తీసుకుని పైథాన్‌లో ఇదే చేయమనండి. చాలా నెలలు లాభమే కనిపిస్తుంది. 2020 మార్చిలో మాత్రం విక్స్ 80 దాటింది, 23న ఒక్కరోజే నిఫ్టీ 13 శాతం దాకా పడింది. ఎన్ని నెలల కూలి ఆ ఒక్క నెలలో పోయేదో అతనే చూసుకోవాలి. ఫ్యూచర్స్ (ముందు తేదీకి ఇప్పుడే ధర కుదుర్చుకునే ఒప్పందాలు), ఆప్షన్లలో 2021-22 నుంచి మూడేళ్లలో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024లోనే చెప్పింది.

ఉద్యోగాలు ఉన్నాయి. బెంగళూరులోని బ్యాంకుల కేంద్రాల్లో మార్కెట్ రిస్క్, మోడల్ వ్యాలిడేషన్ (రిస్కు లెక్కలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటం) పనులు, ట్రేడింగ్ సంస్థల్లో ఆప్షన్స్ డెస్కులు. వాళ్లకు కావలసింది సంభావ్యత, గణాంకాలు, కోడింగ్. నలభై వేల లాభం చూసి ఎవరూ తీసుకోరు. ఎన్‌ఐఎస్ఎమ్ సిరీస్-8 (ఫ్యూచర్స్, ఆప్షన్ల మీద) పరీక్ష రాస్తే మంచిదే గానీ దానితోనే పని దొరకదు. పై చదువుకు చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో డేటా సైన్స్ ఎమ్మెస్సీ ఉంది. లెక్కలంటే ఇష్టముంటే నా ఓటు దానికే.

ప్లేస్‌మెంట్లు రాయమనండి. ఆ లెక్క తేలేదాకా మూడు లక్షలు మళ్లీ వాళ్ల నాన్న ఖాతాలో వేయించండి.