కంచు పోసే ఇంటి కుర్రాడు, ఓడ ప్రొపెల్లరు

పర్లాకిమిడి నుంచి ఒక తండ్రిగారు రాశారు. పెద్దలది శ్రీకాకుళం జిల్లా బుడితి, తరతరాలుగా కంచు, ఇత్తడి పోతపని. కొడుకు ప్లస్ టూ సైన్సు రెండో ఏడు. పెద్ద కంటైనర్ ఓడల ప్రొపెల్లర్లు, అంటే ఓడని ముందుకు తోసే రెక్కల చక్రాలు, తయారుచేస్తానంటున్నాడు. 'సముద్రం మీదికి పంపాలా? అసలు అలాంటి చదువుందా?' అని వాళ్లమ్మ బెంగ.

అయ్యా, ముందు అమ్మగారికి చెప్పండి, ప్రొపెల్లరు చేసేవాడు ఓడెక్కక్కర్లేదు. 2006లో వచ్చిన ఎమ్మా మార్స్క్ అనే 397 మీటర్ల ఓడ ప్రొపెల్లరు సుమారు 130 టన్నులు. దాన్ని పోసింది జర్మనీలో సముద్రానికి దూరంగా, చెరువు పక్కనున్న వారెన్ అనే చిన్న ఊళ్లో.

ఇక మీవాడికి. నాన్నా, ఆ ప్రొపెల్లరు లోహం కూడా మీ ఇంటి లోహానికి చుట్టమే. మీ కంచులో రాగికి తగరం కలుపుతారు. అందులో రాగికి అల్యూమినియం, నికెల్, ఇనుము కలుపుతారు, ఉప్పునీటికి తట్టుకోవాలని. రెక్క వేగంగా తిరిగేటప్పుడు దాని వీపున ఒత్తిడి పడిపోయి నీళ్లలో బుడగలు పుడతాయి. అవి పగిలిన దెబ్బకి లోహం గుంటలు పడుతుంది. అందుకే పోతలో గాలిబుడగ మిగలకూడదు, రెక్క వంపు తప్పకూడదు. మరమీద చెక్కాక కూడా చివరి నునుపు చేత్తో పట్టేవాళ్లున్నారు. ఆ చెయ్యి విలువ మీ నాన్నగారికి తెలుసు.

ప్రొపెల్లరుకని విడిగా డిగ్రీ లేదు. రెక్క ఆకారం గీయడం ఇష్టమైతే నేవల్ ఆర్కిటెక్చర్, అంటే ఓడల రూపకల్పన చదువు: విశాఖలోని ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీలో ఉంది, దాని ప్రవేశ పరీక్ష ఐఎంయూ సెట్ రాయాలి. ప్లస్ టూలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ కలిపి కనీసం 60 శాతం రావాలి, ఇంగ్లీషులో పదిలోగానీ ప్లస్ టూలోగానీ కనీసం 50 రావాలి. కానీ మీ ఉత్తరం చదివాక నా మనసు మెటలర్జీ, అంటే లోహాల ఇంజినీరింగ్, వైపే మొగ్గుతోంది. రూర్కెలా ఎన్ఐటీలో ఉంది, పోతపనికి పేరున్న రాంచీ సంస్థ ఎన్ఐఏఎంటీలోనూ (పాత పేరు ఎన్ఐఎఫ్ఎఫ్‌టీ) ఉంది. రెండింటికీ జేఈఈ మెయిన్. అంత పెద్ద ప్రొపెల్లర్లు పోసేవాళ్లు ప్రపంచంలోనే కొద్దిమంది, ఆ ఒక్క ఉద్యోగం కోసమే చదవడం ప్రమాదం. మెటలర్జీ చదివితే ఉక్కు ఫ్యాక్టరీ, పంపుల ఫౌండ్రీ, షిప్‌యార్డు ఏదైనా తలుపు తీస్తుంది.

ర్యాంకు రాకపోతే ఐటీఐలో మెషినిస్టు, అంటే మరమీద లోహం చెక్కే పని, రెండేళ్లు. దాన్ని చిన్నచూపు చూడకండి.

'ఓడలో ఉద్యోగం ఇప్పిస్తాం, ముందు డబ్బు కట్టండి' అని ఎవరొచ్చినా ఒక్క రూపాయి ఇవ్వొద్దు.

సెలవుల్లో గుణుపురం పాసింజరెక్కించి బాబుని విశాఖ తీసుకెళ్లండి. రామకృష్ణా బీచిలో ఒడ్డున నిలిపిన కురుసుర జలాంతర్గామిని ప్రొపెల్లర్లుండే వెనకవైపు నుంచి చూపించండి. ఆ తరవాత వాడేం అడిగాడో నాకు రాయండి.