అన్నయ్యకు అమెరికాలో తగ్గింది... నాన్నకూ కైరోప్రాక్టిక్ చేయించవచ్చా?

ప్రశ్న: మా నాన్నకు 54 ఏళ్లు. ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ. రెండు నెలలుగా నడుము నొప్పి. అప్పుడప్పుడు ఎడమ కాలిలోకి లాగుతోందంటున్నారు. డాలస్‌లో ఉండే అన్నయ్యకు ఇలాంటి నొప్పే కైరోప్రాక్టర్ చికిత్సతో తగ్గిందట. హనుమకొండలోనూ చేసేవారున్నారని తెలిసింది. తీసుకెళ్లవచ్చా?
– ఓ పాఠకురాలు, వరంగల్

జవాబు: మీ అన్నయ్య మాటను నేను కొట్టిపారేయను. కైరోప్రాక్టిక్‌ను, అంటే వెన్నును చేత్తో నొక్కి కదిలించే చికిత్సను, 1895లో అమెరికాలో డి.డి. పామర్ మొదలుపెట్టారు. రోగాలన్నిటికీ మూలం వెన్నులోనే ఉందన్న ఆయన వాదన నిలవలేదు. వైద్యులు ఆ చికిత్సకులను చాలాకాలం వెలివేసినట్టే చూశారు. అక్కడి వైద్యుల సంఘమైన అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఇలా వారిని దూరం పెట్టించడం చట్టవిరుద్ధమని 1987లో అక్కడి కోర్టు తీర్పు చెప్పింది. క్రమంగా నడుము నొప్పి వరకు ఆధారాలు సమకూరాయి. కొత్తగా వచ్చిన నడుము నొప్పికి మాత్రల కంటే ముందు కాపడం, మర్దన, వెన్నును చేత్తో కదిలించే చికిత్స వంటివి ప్రయత్నించవచ్చని 2017లో మరో వైద్యుల సంఘం, అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్, సూచించింది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుము నొప్పికీ వెన్నును కదిలించే ఈ చికిత్సను ఒక మార్గంగా సూచించింది. అయితే దీనివల్ల కలిగే ఉపశమనం ఓ మోస్తరే.

ఈ చికిత్స వీడియోల్లో వినిపించే ‘టక్’ శబ్దాన్ని చూసి మోసపోవద్దు. అది ఎముక చోటికి చేరిన చప్పుడు కాదు. కీలులోని ద్రవంలో వాయువు బుడగ కట్టినప్పుడు వచ్చేది. మెటికలు విరిచినా అదే శబ్దం. జారిన డిస్కు దాంతో వెనక్కి వెళ్లదు.

నా భయమంతా మరొకటి. అమెరికాలో కైరోప్రాక్టర్ ఏళ్ల తరబడి చదివి, పరీక్షలు రాసి, లైసెన్సు తీసుకుంటాడు. ఎవరి వెన్ను మీద చెయ్యి వేయకూడదో కూడా ఆ చదువులో భాగమే. మన దగ్గర ఆ వృత్తికి ప్రత్యేక మండలి లేదు, బోర్డు పెట్టినవారి శిక్షణ ఏపాటిదో మీకు తెలిసే దారి లేదు. పైగా మన ప్రాంతంలో వెన్నుపూసకు క్షయ సోకడం అరుదేమీ కాదు. క్షయ తినేసిన పూసను గట్టిగా నొక్కితే వెన్నుపాము దెబ్బతినవచ్చు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి ఉన్నాయేమో ముందుగా నాన్నగారిని అడగండి.

ఇంట్లోనే ఇంకో పని చేయండి. ఆయనను పది అడుగులు మడమల మీద, పది అడుగులు మునివేళ్ల మీద నడవమనండి. ఎడమ పాదం కింద పడిపోతున్నా, మడమ లేవకపోయినా నరం నలుగుతున్నట్టు అనుమానించాలి. అప్పుడు ఎవరిచేతా వెన్ను విరిపించవద్దు. నడక బాగున్నా సరే, కాలిలోకి లాగుతోందంటున్నారు కనుక ముందు ఎంజీఎం ఆసుపత్రి ఎముకల విభాగంలో చూపించండి. ప్రమాదమేమీ లేదని వైద్యుడు చెప్పాకే వెన్నుకు చేత్తో చేసే చికిత్స, అదీ అర్హత ఉన్న ఫిజియోథెరపిస్టు దగ్గర, వ్యాయామాలతో కలిపి. వ్యాయామం లేకుండా వారానికోసారి విరిపించుకుంటే డబ్బు ఖర్చే మిగులుతుంది. బస్తాల పని కొన్నాళ్లు ఆపాలి. కూలి పోతుందని తెలిసే చెబుతున్నాను. అలాగని మంచానికే పరిమితం కావద్దు, నడుస్తూ ఉండాలి.

మెడ జోలికి మాత్రం ఎవరినీ రానివ్వకండి. క్షౌరశాలలో తలమర్దన చివర మెడను ఒక్కసారిగా తిప్పడం కూడా వద్దు. అరుదే గానీ మెడలోని రక్తనాళం చీలి పక్షవాతం వచ్చిన సందర్భాలున్నాయి.

మూత్రం బిగిసిపోయినా, తెలియకుండా పడిపోతున్నా, కూర్చునే చోట తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోయినా గంటలు కూడా ఆగకండి. ఏ వేళైనా నేరుగా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.