పాత కచేరీ హాలుకు కొత్త భవనం కలిపితే దాని కళ పోతుందా?

మీ ఊరి పాత సంగీత సభ హాలును బాగుచేసి, పక్కనే ఆధునిక భవనం కడతారని విని భయపడుతున్నారు. నా మాట వినండి, పాత హాలు బతకడానికే కొత్త భవనం కావాలి. హైదరాబాద్‌లో అలాంటి హాలు మరమ్మతులకు రెండేళ్లు సైట్ ఇంజినీరుగా పనిచేశాను.

మాకంటే ముందు పనిచేసినవాళ్లు ఏసీ యంత్రాలను డాబా మీద పెట్టి, డక్టుల కోసం గోడలు తొలిచారు. తంబూరా శ్రుతి కింద ఎప్పుడూ ఒక మోత వినిపించేది. చెమ్మ కనపడ్డ చోటల్లా సిమెంటు పూశారు. డంగుసున్నం గోడ చెమ్మను పీల్చి బయటికి వదులుతుంది, సిమెంటు దాన్ని లోపలే ఆపేస్తుంది. ఆ పూత చెక్కుతుంటే వెనక సున్నం పిండిలా రాలింది. నాకు కన్నీళ్లొచ్చాయి. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరా ఇలాగే సిమెంటు తీసి సున్నం వేశారు. అక్కడ పనిచేసిన మేస్త్రీ ఒకాయన వచ్చి బెల్లం, కరక్కాయ నీళ్లతో సున్నం కలపడం మావాళ్లకు నేర్పాడు.

ఏసీ, లిఫ్టు, టాయిలెట్లు, గ్రీన్‌రూములు అన్నీ కొత్త బ్లాకులోకి మార్చాం. రెండు పునాదులూ కలవకుండా మధ్య జానెడు సందు వదిలాం, యంత్రాల అదురు హాలులోకి రాకూడదని. మొదటి కచేరీలో తంబూరా ఒక్కటే వినపడింది. ఆ క్షణం మర్చిపోలేను.

స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో 1876 నాటి సంగీతశాలకూ ఇదే దారి పట్టారు. 1939లో కట్టిన పక్క భవనం నుంచి దాన్ని విడదీసి, హెర్జోగ్ అండ్ డి మ్యూరాన్ అనే ఆర్కిటెక్టుల సంస్థతో కొత్త భాగం కట్టించి, 2020లో తెరిచారు. కచేరీకి ముందూ విరామంలోనూ జనం తిరిగే ఫోయర్లు (ముందు హాళ్లు), మెట్లు ఆ కొత్త భాగంలోకి వెళ్లాయి.

సీట్ల విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. మెత్తటి కుర్చీలు, కార్పెట్ వేస్తే నాదం చప్పబడిపోతుంది. 1890లలో సబైన్ అనే అమెరికన్ ప్రొఫెసర్ సీటు దిండ్లు మోసుకొచ్చి హాల్లో పరుస్తూ ఈ లెక్క తేల్చాడు. పాశ్చాత్య వాద్యబృందం వాయించే సింఫనీకి, వాయించడం ఆగాక నాదం రెండు సెకన్ల దాకా నిలిస్తే బాగుంటుంది, మాటకు ఒక సెకను చాలు. మృదంగం మీద పడే ఒక్కో దెబ్బ విడివిడిగా వినపడాలంటే మనకూ ఆ రెండు సెకన్లు ఎక్కువే. అంటే నాదం చప్పబడనూ కూడదు, మరీ ఎక్కువసేపు నిలవనూ కూడదు.

అందుకే టెండరు పిలవకముందే, ఖాళీ హాల్లో ఒకసారి, జనం నిండినప్పుడు ఒకసారి ధ్వని కొలిపించమని కమిటీని అడగండి. డ్రాయింగులో ఏసీ ప్లాంటు ఎక్కడుందో మీరే చూడండి. పాత హాలు పైకప్పు మీద ఉంటే సంతకం పెట్టకండి.