ఉచిత విద్యుత్తుతో సంపద పంపకం న్యాయంగా జరుగుతోందా?

వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఇవ్వడమంటే సంపదను పేదలకు పంచడమే కదా, దానిని ఎందుకు విమర్శిస్తారని మీరు అడిగారు. అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం ప్రాంతంలో మెట్ట సేద్యం చేసే కుటుంబంలో పుట్టి పెరిగినవాడిగా నా అభిప్రాయం చెబుతాను. ఆ కరెంటుతో పాటు భూగర్భజలం కూడా పంపకమవుతోంది, అదీ బోరు వేయించుకోగల స్తోమతను బట్టి.

2004లో పథకం మొదలైనప్పుడు మా ఊరంతా సంతోషించింది. కరవులతో, కరెంటు బకాయిలతో నలిగిన రైతుకు అది నిజమైన ఊరట. అయితే లెక్క వేసి చూడండి. ఏడున్నర హెచ్‌పీ మోటారు పూర్తి లోడు మీద తొమ్మిది గంటలు నడిస్తే రోజుకు దాదాపు 50 యూనిట్లు కాలుతాయి. అలాంటి బోర్లు మూడింటితో చీనీ (బత్తాయి) తోట పెంచే ఆసామికి రోజుకు 150 యూనిట్లు ఉచితం. పక్కనే వానను నమ్ముకొని చెనిక్కాయ (వేరుశనగ) విత్తే రైతుకు ఒక్క యూనిట్టూ అందదు. పైగా అదే నీటిని 200 అడుగుల నుంచి కాక 600 అడుగుల నుంచి ఎత్తిపోయాలంటే సుమారు మూడింతల కరెంటు కావాలి కనుక, ఎంత లోతుకు పోగలిగితే ప్రభుత్వ సొమ్ము అంత ఎక్కువగా ముడుతుంది.

మా నాన్నగారికి ఒక బావి ఉండేది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేలలో కూడా అందులో వేసవి దాకా నీరు నిలిచేది. చుట్టూ బోర్లు పడ్డాక అది అడుగంటి, ఇప్పుడు కంపచెట్లతో నిండిపోయింది. మా నేల కింద ఉన్నది గట్టి రాయి. నీరు పైనున్న గరుసులోను, రాతి పగుళ్లలోను మాత్రమే ఉంటుంది కాబట్టి, ఒకే పగులు మీద ఇద్దరు బోరు వేస్తే లోతుగా వేసినవాడిదే నీరు. నాన్నగారూ అప్పు చేసి రిగ్గు పిలిపించారు. నీటి జాడ చెప్పేవాడు టెంకాయ పట్టుకొని చూపించిన పాయింటులో తెల్ల దుమ్ము తప్ప ఏమీ లేవలేదు. ఆ అప్పు తీర్చడానికి మా అన్న బెంగళూరు పోయి కట్టుబడి పనుల్లో చేరాడు. సబ్సిడీ లెక్కల్లో ఇలాంటి అప్పులకు చోటే లేదు.

1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం నేల కింది నీటిని తోడుకొనే హక్కును ఆ నేల యజమానికే కట్టబెట్టింది. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేనిదే బోరు వేయరాదని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం చెబుతుంది గాని, మా వైపు రిగ్గు రాత్రి వచ్చి తెల్లారేసరికి పని ముగించుకొని పోతుంది. అడిగే నాథుడు ఉండడు.

అలాగని ఉచిత విద్యుత్తును ఎత్తివేయమని నేను అనను. ఎత్తివేస్తే ముందుగా మునిగేది ఒక్క బోరు, రెండెకరాలు ఉన్న రైతే. కుటుంబానికి ఒక కనెక్షన్ ఉచితంగా ఉంచి, ఆపై వాటికి ఛార్జీ వసూలు చేసి, ఆ సొమ్మును బోరు లేని చేలకు నీరు చేర్చే పైపులైన్లకు వెచ్చించాలి. ఇది గాలిలో మేడ కాదు. ఉమ్మడి అనంతపురం జిల్లాలోని కొన్ని ఊళ్లలో బోరున్నవారు, లేనివారు కూర్చొని, కొత్త బోర్లు వేయబోమని ఒప్పందం రాసుకొని, నీటిని పంచుకొన్నారు. ఊడలు దిగే వేళ, కాయ ఊరే వేళ వాన మొహం చాటేస్తే ఒకటి రెండు తడులతో చెనిక్కాయ పంట గట్టెక్కుతుంది. ఒక ఎకరం వరి మడి తాగే నీరు అలాంటి ఎకరాలను ఎన్నింటినో కాపాడగలదు. బోరున్నవాడు దీనికి ఎందుకు ఒప్పుకొంటాడని మీకు అనిపించవచ్చు. పక్క చేలో ఇంకో బోరు పడదన్న హామీ దొరికితే తన బోరు ఎండిపోదని, మళ్లీ అప్పు చేసి రిగ్గును పిలవనక్కర లేదని అతడికి అందరికంటే బాగా తెలుసు.