మహేంద్రగిరి సరే, ముందు కుర్చీలోంచి లే

బరంపురం,
కార్తీక సోమవారం

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

శివరాత్రికి పాత స్నేహితులతో మహేంద్రగిరి కొండ ఎక్కుతానని మాటిచ్చావట. ఆ ఊపులో మొదటి రోజే సీతాసాగరం చెరువు గట్టున గంటన్నర నడిచావట. మర్నాడు గోడ పట్టుకుని మేడమెట్లు దిగావని మరదలు ఫోన్లో నవ్వుతూ చెప్పింది. ఇక వయసైపోయింది, మానేస్తానంటున్నావట. అరవై మూడేళ్లకే ఏం అయిపోతుందిరా? కాలేజీలో ఆడిన ఫుట్‌బాల్ నీ బుర్రకి గుర్తుంది, కాళ్లు ఎప్పుడో మరిచిపోయాయి. తంటా అంతా అక్కడే వచ్చింది.

ముందు ఆ నొప్పి సంగతి. అలవాటు తప్పిన పని చేస్తే మర్నాడు, ఆ మర్నాడు కండలు పట్టేస్తాయి. మూడు నాలుగు రోజుల్లో వాటంతట అవే వదులుతాయి, దానికి భయపడకు. కీలు నొప్పి వేరు. నడిచొచ్చిన రెండు గంటల తర్వాత కూడా మోకాలు సలుపుతుంటే, లేదా వాచితే, ఆ రోజు మోతాదు ఎక్కువైందని లెక్క. అలాంటప్పుడు పూర్తిగా మానెయ్యకు, సగానికి తగ్గించు. మానేసి మంచమెక్కిన మోకాలు ఇంకా బిగుసుకుంటుంది.

డాక్టరుగారిని ఒకసారి కలువు. మందుల చీటీ తీసుకెళ్లి, ‘వ్యాయామం మొదలెడుతున్నాను, ఇందులో ఏవైనా మార్చాలా’ అని అడుగు. నువ్వు షుగరుకి గ్లిమెపిరైడ్ వేసుకుంటావు. ఆ మాత్ర వేసుకునేవాళ్లకీ, ఇన్సులిన్ వాళ్లకీ నడకలో గానీ, తర్వాత గానీ షుగరు పడిపోవచ్చు. మాత్ర మింగి, టిఫిన్ తినకుండా బయల్దేరే అలవాటు మానుకో. జేబులో గ్లూకోజ్ పొడి పొట్లం ఉంచుకో. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం అనిపిస్తే అక్కడే కూర్చుని నోట్లో వేసుకో. బీపీకి వాడే మెటోప్రొలాల్ లాంటి మందు నాడిని పెరగనివ్వదు. అందుకని మా మనవడు కొనిచ్చిన చేతి గడియారం లాంటిది చూసి గుండె ఎంత కొట్టుకుంటోందో లెక్కపెట్టుకోవడం నీకు పనికిరాదు. పక్కవాడితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. నీకు అదే సరైన వేగం. ఇంటికొచ్చాక అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకో. షుగరు ఉన్న కాలికి బొబ్బ లేచినా తెలియకపోవచ్చు. కొత్త బూట్లు సాయంత్రం పూట కొనుక్కో, అప్పటికి కాలు కాస్త ఉబ్బి ఉంటుంది.

ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, ఎన్నడూ లేనంత ఆయాసం వస్తే మాత్రం ‘ఇంకొక్క రౌండు’ అనకు. ఆగి, మనిషిని పిలిచి, ఆసుపత్రికి వెళ్లు. గ్యాసని సోడా తాగి పడుకునే మగాళ్లని మన వీధిలో చాలామందిని చూశాను.

నడక పదిహేను నిమిషాలతో మొదలెట్టు, చదును నేల మీద. వారానికి ఐదేసి నిమిషాలు పెంచుకో. ముందు సమయం, తర్వాత వేగం, ఆఖర్న ఎత్తు. మూడూ ఒకేసారి పెంచొద్దు. కండ తొందరగా పుంజుకుంటుంది, దాన్ని ఎముకకి పట్టి ఉంచే నరం లాంటి కట్టు నెమ్మదిగా గట్టిపడుతుంది. బాగానే ఉంది కదా అని ఎగబడినప్పుడే మడమ వెనక పట్టేస్తుంది. జ్వరమొచ్చో, పెళ్లికెళ్లో పది రోజులు మానితే ఆపిన చోటునుంచి ఎత్తుకోకు, సగం నుంచి మొదలెట్టు. రోజుకి పదివేల అడుగులని పట్టుబట్టకు. ఆ అంకె 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే యంత్రం అమ్మడానికి పెట్టిన పేరులోంచి పుట్టింది. ఏ వైద్యుడూ రాసిచ్చింది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ. అది కూడా నువ్వు మెల్లగా చేరాల్సిన చోటు, మొదటివారమే కాదు.

ఇక నేను ఈ ఉత్తరం రాసింది అసలు ఈ మాట కోసం. నడక ఒక్కటీ చాలదు. మన వయసులో ముందు పోయేది కాళ్ల బలం. కింద కూర్చుంటే లేవలేకపోవడం, బస్సు మెట్టు ఎక్కడానికి కమ్మీ పట్టుకు లాక్కోవడం, బాత్రూములో తూలడం, ఇవన్నీ అందులోంచే వస్తాయి. అదే సంస్థ వారానికి రెండు రోజులైనా కండరాలకి పని చెప్పమంది. అరవై ఐదు దాటినవాళ్లని మూడు రోజులు తూలకుండా నిలబడే సాధన కూడా చెయ్యమంది.

చేతుల్లేని చెక్క కుర్చీని గోడకి ఆనించు. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, జారుతుంది. చేతులు ఛాతీ మీద కట్టుకుని లేచి, పూర్తిగా నిలబడి, మెల్లగా కూర్చో. దబ్బున కూలబడకు, సగం పని ఆ కూర్చోవడంలోనే ఉంది. నీ వయసు మగవాళ్లు అర నిమిషంలో 14 సార్లకి తక్కువ లేస్తే కాళ్లు బలహీనపడ్డాయని లెక్క. తర్వాత వంటగట్టు పట్టుకుని మునివేళ్ల మీద లేచి దిగు. గోడకి చేతులానించి దండీలు తీయి. కిటికీ ఊచ దగ్గర నిలబడి ఒంటికాలి మీద పది లెక్కపెట్టు. ఊపిరి బిగబట్టకు, లేచేటప్పుడు వదులు. షుగరువల్ల కంటి లోపలి సన్న రక్తనాళాలు దెబ్బతిన్నాయేమో ముందు చూపించుకో. అలాంటివాళ్లు బిగబట్టి బరువులెత్తకూడదు.

బరువులంటే సిగ్గెందుకు? మా బరంపురం బరువులెత్తేవాళ్ల ఊరు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారు పతకం తెచ్చిన కటులు రవికుమార్ ఇక్కడివాడే. నీకంత పని లేదు, లీటరు నీళ్ల సీసాలు రెండు చాలు. మరదలిని కూడా లేపు. ఆడవాళ్ల ఎముకలు మగవాళ్లకంటే ముందే పలచబడతాయని ఆవిడకి నేనే చెప్తాను, నువ్వు చెబితే పోట్లాటవుతుంది.

సూర్యనమస్కారాలంటావేమో. మంచివే. కానీ ఇన్నేళ్ల తర్వాత తల కిందకి వంచి లేస్తే బీపీ మాత్రలు వాడేవాళ్లకి కళ్లు తిరుగుతాయి. నడుమూ మోకాళ్లూ కాస్త మాట వినడం మొదలెట్టాక చూద్దాం.

తిండి గురించి ఎక్కువ రాయను. గిన్నెడు అన్నం మీద చారు పోసుకుని కండ పెరగమంటే పెరగదు. పప్పు, గుడ్డు, చేప, పెరుగు, ఏదో ఒకటి ప్రతి పూటా ఉండనీ. మీ పక్కింటి ఒడియా వాళ్లు పప్పూ కూరగాయలూ కలిపి వండి పంపే డాల్మా మా గొప్ప తిండి, వద్దనకు. మూత్రపిండాలు ఎలా ఉన్నాయో చూపించుకుని మాంసకృత్తులు పెంచుకో. ఎండాకాలం మన వైపు ఉక్కకి చెమట ఆరదు. అప్పుడు తెల్లారకముందే నడక ముగించు.

కొండ సంగతికొస్తే, మహేంద్రగిరి 1501 మీటర్లు. బండి వెళ్లినంత దూరం బండిలోనే వెళ్లు, మిగిలింది నడువు. ఎక్కడం ఊపిరితో అవుతుంది, దిగడం తొడలతో అవుతుంది. మోకాళ్లు చెడేది దిగేటప్పుడే. అందుకే పుష్యంలోకి వచ్చాక మీ మేడమెట్లు నాలుగైదుసార్లు నెమ్మదిగా దిగి చూసుకో, కమ్మీ మీద చెయ్యి ఉంచి. ఒక చేతికర్ర తీసుకెళ్లు. స్నేహితులు నవ్వితే నవ్వనీ, వాళ్లలో ఎవడూ నలభై ఏళ్ల కుర్రాడు కాదు. కొండమీది కుంతీ గుడి దగ్గర కూర్చుని సేద తీరాక మిగతా గుళ్లు చూడాలా వద్దా అన్నది నీ మోకాలినే అడుగు.

వచ్చే ఆదివారం ఫోన్ చేస్తాను. అర నిమిషంలో ఎన్నిసార్లు లేచావో నువ్వు చెప్పకు, లెక్క మరదలిని చెప్పమను.

ఇట్లు,
అక్క